వేణి తినని అన్నం

2005 జూన్‌లో నన్ను కారైకాల్ నుంచి యానాం బదిలీ చేశారు. పాండిచ్చేరి ప్రభుత్వ సర్వీసులో ఉన్న అరవ డాక్టర్లకి యానాం అంటే భూమి చివర. నాలాంటి తెలుగుదానికి మాత్రం పుట్టింటి పెరడు. మాది రామచంద్రపురం. మొదటి రోజు ఓపీలో ఒక పెద్దాయన కుర్చీ దగ్గరకి లాక్కుని, "నా మోకాలి సంగతి కాసింత సూడండి డాట్రమ్మగారూ" అన్నప్పుడు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆయన మోకాలు బాగుపడలేదు. అయినా నేను ఉన్నన్నాళ్ళూ వస్తూనే ఉన్నాడు.

నా హోదా మెడికల్ ఆఫీసర్. పొద్దున ఓపీ, అంటే నడిచి వచ్చే రోగులను చూడటం. మధ్యాహ్నం చుట్టుపక్కల ఊళ్ళలో ఉపకేంద్రాల తనిఖీ. బడులు తెరిచాక కొన్ని వారాలు పిల్లల ఆరోగ్య పరీక్షలు. నాతో తిరిగే ఏఎన్‌ఎం పేరు రూతమ్మ. ఏఎన్‌ఎం అంటే ఇల్లిల్లూ తిరిగి టీకాలు, గర్భిణులు, పిల్లల బరువులు చూసుకునే నర్సు. రూతమ్మది కనకాలపేట. వాళ్ళాయన బడిపంతులు. పాస్టరుగారు ఊళ్ళో లేని ఆదివారం ప్రసంగం కూడా ఆయనే చేసేవాడు. రూతమ్మకి దేవుడంటే భక్తి, దయ్యాలంటే భయం, నేనంటే ఆ రెండింటికీ మధ్యలో ఏదో ఒకటి.

అప్పటిదాకా నా సర్వీసంతా పిల్లల బరువు పెంచడానికే సరిపోయింది. మా దగ్గరున్న ఎదుగుదల పటాల్లో రంగులన్నీ కింది గీతలకే వేశారు. పిల్ల ఈ గీత కింద ఉంటే జాగ్రత్త, ఇంకా కిందకి పోతే ప్రమాదం అని రాసి ఉండేది. పై గీత దాటితే ఏమిటన్నది ఎవరూ రాయలేదు. బక్కపిల్లవాడిని చంకనేసుకొచ్చి టానిక్ రాయమనే తల్లులు ఓపీ నిండా ఉండేవారు. లావైన పిల్లని తీసుకొచ్చి "ఏదన్నా చెయ్యండి" అన్న తల్లి ఒక్కతె కూడా లేదు. మన వైపు బొద్దుగా ఉన్న పిల్లని చూస్తే దిష్టి తియ్యమంటారు గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఎవరంటారు? అయినా ఆ రెండు మూడేళ్ళలోనే బడుల్లో అలాంటి పిల్లలు కనిపించడం మొదలైంది. వాళ్ళనీ గుర్తించి, ఇంట్లోవాళ్ళని పిలిచి మాట్లాడమని పైనుంచి మాట వచ్చింది.

ఈ మాట్లాడటాన్నే కౌన్సెలింగ్ అంటాం. వినడానికి తేలిక. దానికీ ఒక పద్ధతి ఉంది. ముందు ఎత్తు, బరువు తీసి, ఆ వయసుకి ఉండాల్సిన దానితో పోల్చాలి. పిల్ల ఎదురుగా "లావు" అన్న మాట నోట రాకూడదు. పిల్లని వేరు చేసి దోషిలా నిలబెట్టకుండా ఇంటిల్లిపాదితో మాట్లాడాలి. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా పిల్ల ఏం తిన్నదో, ఏ గరిటెతో ఎన్ని గరిటెలో అడిగి రాసుకోవాలి. దీన్ని ఆహార విచారణ అంటాం. పోలీసు విచారణకీ దీనికీ ఒకటే తేడా. ఇక్కడ అబద్ధం చెప్పినవాళ్ళకి శిక్ష ఉండదు, అందుకని అందరూ హాయిగా చెబుతారు. నాలుగు ప్రశ్నలు అటూ ఇటూ తిప్పి అడిగితే దాచిన చేగోడీలు, కూల్‌డ్రింకులు వాటంతట అవే బయటపడతాయి.

2006లో వానలు మొదలైన రోజుల్లో బడి పరీక్షల్లో వేణి అనే పిల్లని చూశాను. పూర్తి పేరు సత్యవేణి, నాలుగో తరగతి. తొమ్మిదేళ్ళ పిల్ల యాభై రెండు కిలోలుంది. ఉండాల్సిన దానికి ఇంచుమించు రెట్టింపు. మెడ వెనక నల్లగా, మందంగా చారలు కట్టి ఉన్నాయి. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. క్లాసులో కూర్చున్నచోటే నిద్రపోతోందని టీచరు చెప్పింది. ముఖం మాత్రం చాలా శాంతంగా ఉంది. బరువు చూసే మిషనెక్కి, వంగి ముల్లు వంక కాసేపు చూసి, నన్నడిగింది.

"ఇందులో నాన్నది ఎంతండి?"

వాళ్ళ నాన్న కూడా భారీ మనిషేమో, ఎవరైనా "నీకు నాన్న పోలిక" అని ఉంటారేమో అనుకున్నాను. నవ్వి ఊరుకున్నాను. రూతమ్మ నవ్వలేదు. కార్డులో బరువు రాయబోతూ కలం ఆపి, మళ్ళీ రాసింది.

తల్లిని ఓపీకి పిలిపించాను. పేరు లక్ష్మి. ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్ళుంటాయి. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. చేతులు ఉప్పునీళ్ళకి పాలిపోయి ఉన్నాయి. నుదుట రూపాయి కాసంత బొట్టు, మెడలో పసుపుతాడు. అడిగినవన్నీ చెప్పింది. పొద్దున రెండు ఇడ్లీ, బడిలో ఇచ్చే పాలు, మధ్యాహ్నం బడిలో అన్నం, సాయంత్రం ఒక అరటిపండు, రాత్రి రెండు గరిటెల అన్నం, చేపో చారో. ఆదివారం కూడా అంతే. తిప్పి అడిగాను, మర్చిపోయినట్టు నటించి మొదటికొచ్చి అడిగాను. ఇడ్లీ కూడా మారలేదు. ఇన్నేళ్ళు ఈ పని చేశాక అబద్ధం గుమ్మంలో ఉండగానే వాసన తగులుతుంది. ఈమె అబద్ధం చెప్పడం లేదు.

రాత్రిళ్ళు పిల్ల గురక పెడుతుందా అని అడిగితే మొదటిసారి ఆమె గొంతు మారింది. గురక పెట్టి పెట్టి మధ్యలో ఊపిరి ఆగిపోతుందట. తను లేచి కూర్చుని, మళ్ళీ వచ్చేదాకా గుండెల మీద చెయ్యేసి చూస్తుందట. "ఒక్కోపాలి నేనే కుదిపి లేపుతానండి. ఈ పిల్ల ఒక్కతేనండి నాకు" అంది. గొంతు చుట్టూ కొవ్వు చేరి గాలి దారి మూసుకుపోవడం వల్ల అలా అవుతుంది. చిన్నపిల్లల్లో అది తమాషా కాదు.

రక్తపరీక్షలకి కాకినాడ పంపాను. థైరాయిడ్ బాగుంది. చక్కెర గట్టు మీద నిలబడి ఉంది, ఇవాళో రేపో అవతలికి దూకేటట్టు. ఆర్‌ఎంపీలెవరైనా స్టెరాయిడ్ బిళ్ళలు ఇచ్చారా అంటే అదీ లేదు. పైగా పిల్ల వయసుకి మించిన పొడవు ఉంది. గ్రంథుల లోపంతో లావయ్యే పిల్లలు సాధారణంగా పొట్టిగా ఉండిపోతారు. తిండి ఎక్కువై లావయ్యే పిల్లలు పొడుగూ పెరుగుతారు. అంటే ఇది కచ్చితంగా తిండే. కానీ తల్లి చెప్పిన తిండి బక్కపిల్ల తిండి. నెల తర్వాత మళ్ళీ తూస్తే, నేను చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసినా, ఇంకో కిలోన్నర పెరిగింది. నాకు నిజంగానే కోపం వచ్చింది. లెక్క కుదరకపోతే వచ్చే కోపం అది.

ఇలాంటప్పుడు మిగిలిన దారి ఇంటికి వెళ్ళి చూడటం. అదీ భోజనం వేళకి, చెప్పకుండా. నోరు అబద్ధం చెప్పకపోయినా మర్చిపోతుంది, వంటిల్లు మర్చిపోదు. రూతమ్మతో ఆ మాటంటే, "భోజనాల వేళకి వద్దండి. సాయంత్రం ఎల్దామండి" అంది. ఎందుకని అడిగితే నసిగింది. చివరికి చెప్పింది. లక్ష్మి భర్త సత్తిబాబు తొంభై ఆరు తుఫానులో వేటకెళ్ళి తిరిగి రాలేదు. మనిషి దొరకలేదు. వేణి అప్పటికి కడుపులో ఉంది. తుఫాను తర్వాత ఏటిగట్టు మీద ఇల్లు పోతే లక్ష్మి, అత్తగారు నూకాలమ్మ, ఇద్దరూ అడవిపొలం అనే ఊళ్ళో లక్ష్మి అన్నగారి పంచన చేరారు. "ఆ ఇంట్లో మజ్జానం పూట మనిషి తిరుగుతాడంటారండి" అంది రూతమ్మ. నువ్వు చూశావా అంటే, తను ఆ పూట అటు పోనని చెప్పింది. చూడనిదాని గురించి ఇంత కచ్చితంగా ఎలా చెబుతావని వెక్కిరించి, బడికి సెలవు రోజు చూసుకుని బయల్దేరదీశాను.

అన్నగారి డాబా వెనక రెండు గదుల రేకుల ఇల్లు వాళ్ళది. పేడతో అలికిన వాకిలి, లోపల తళతళలాడే గిన్నెలు. గోడ మీద మీసాలున్న కుర్రవాడి ఫొటో ఉంది. దానికి దండ లేదు, బొట్టు లేదు. లక్ష్మి మమ్మల్ని చూసి కంగారు పడలేదు. చాప వేసి కూర్చోమంది. అప్పుడే వేణికి అన్నం పెట్టింది. చిన్న స్టీలు కంచం, రెండు గరిటెల అన్నం, మెత్తళ్ళ ఇగురు నాలుగు వేళ్ళకంటినంత. ఓపీలో చెప్పింది చెప్పినట్టు. నేను రూతమ్మ వంక చూశాను. ఆమె గుమ్మం వంక చూస్తోంది.

వేణి తినేసి, చెయ్యి కడుక్కుని, కంచం తీసి బయట పెట్టింది. అప్పుడు లక్ష్మి లేచి ఫ్యానాపేసింది. తలుపు ఒక రెక్క దగ్గరగా వేసింది. నూకాలమ్మ లోపలి గదిలోంచి సత్తు పళ్ళెం తెచ్చింది. ముసలామె ఎముకలగూడు. ఆ చేతుల్లో పళ్ళెం వణకడం లేదు. అందులో వల లాగి వచ్చిన మగవాడు తినేటంత అన్నం ఉంది, గుట్టలా. దాని మీద చేపల పులుసు, పక్కన తలకాయ ముక్క. గుమ్మానికి ఎదురుగా పెట్టి, గ్లాసుతో నీళ్ళు పెట్టి, ముగ్గురూ మాట్లాడకుండా నిలబడ్డారు. వేసవి కాకపోయినా రేకుల కింద ఉక్కగా ఉంది.

కాసేపటికి నూకాలమ్మ, "రా నాన్నా" అంది. గుమ్మంలోకి ఎవరూ రాలేదు. గోడవార నిలబడ్డ వేణి కదిలింది. మళ్ళీ చెయ్యి కడుక్కుంది. వెళ్ళి పళ్ళెం ముందు మఠం వేసుకుని కూర్చుంది. ఎడమ అరచెయ్యి నేలకి ఆనించి, ఒంటి బరువంతా దాని మీద మోపి, పెద్ద పెద్ద ముద్దలు కలిపి తినసాగింది. కాసేపటి కింద ఇగురు ఏరుకుని తిన్న పిల్ల కాదు. కుడిచేతి చిటికెన వేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్ళతోనే తింటోంది. ఇందాక ఐదు వేళ్ళతోనే తినడం నేను చూశాను.

"పులుపు సరిపోయిందా నాన్నా?" అని అడిగింది నూకాలమ్మ.

"ఊఁ" అంది పిల్ల. గొంతు కిందికి దిగి ఉంది.

"రాత్రి ఇక్కడ గాలి లేచింది. అక్కడా లేచిందా?"

"లేదమ్మా."

నా వెనక రూతమ్మ ప్రార్థన గొణుక్కోవడం వినబడింది. పళ్ళెం ఖాళీ అయింది. పిల్ల పళ్ళెంలోనే చెయ్యి కడిగి, త్రేన్చి, లేచి గుమ్మంలో కూర్చుంది. కాసేపటికి నా సంచీ వంక చూసి, సూదులేమైనా తెచ్చారా అని భయం భయంగా అడిగింది. అది వేణి గొంతే.

లక్ష్మిని పక్కకి తీసుకెళ్ళి, ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. ఆమె నా కోపానికి ఆశ్చర్యపోయింది.

"పిల్ల ఏం తింటదని కదండి మీరడిగింది. అది పిల్ల తిన్నది కాదు కదండి. ఆయన తిన్నది."

ఆ తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తుఫాను తర్వాత కొందరు నెలల తరబడి ఎక్కడెక్కడి ఒడ్డులకో కొట్టుకుపోయి తిరిగొచ్చిన కథలు విన్నదట. తన భర్త కూడా ఎక్కడో ఉన్నాడు. పరాయి ఒడ్డున ఎవరు పెడతారు? కన్నబిడ్డ కడుపులో పడితే ఆయన కడుపులో పడినట్టేనని అత్తగారు చెప్పింది. వేణికి అన్నప్రాశన అయిన దగ్గర్నుంచి ఆయన వాటా తీస్తున్నారు. మొదట్లో ముద్ద, తర్వాత పిడికెడు. పిల్ల ఎదిగినకొద్దీ ఎదిగి, ఇప్పుడు పూర్తి వాటా, రెండు పూటలా. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్నపు వాటా సాయంత్రం బడి నుంచి రాగానే పెడతారు.

పిల్ల ఊపిరి ఎందుకు ఆగుతోందో, చక్కెర వ్యాధి ఎంత దగ్గరకొచ్చిందో, ఇలాగే పెడుతూ పోతే ఏమవుతుందో దాచకుండా చెప్పాను. ఆమె అంతా విన్నది. తర్వాత అడిగింది.

"ఇద్దరిలో ఎవరికి తగ్గించమంటారండి?"

కౌన్సెలింగ్ శిక్షణలో చిప్స్ పాకెట్టుకి బదులేం పెట్టాలో చెప్పారు గానీ దీనికి చెప్పలేదు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ పళ్ళెం ముందు కూర్చోబెడితే ఏ పిల్లైనా ఆ వేషం వేయడం నేర్చుకుంటుంది. కొడుకు ఎలా కూర్చునేవాడో, ఎలా తినేవాడో బామ్మ కథలు కథలుగా చెప్పే ఉంటుంది. అంతవరకు నాకు తేలికగానే తెలిసింది. తిరుగు ప్రయాణంలో రూతమ్మకి ఇదే వివరించాను. ఆమె ఒద్దికగా విని, "అలాగేనండి" అంది.

ఈ వృత్తిలో ఒక సూత్రం ఉంది. ఇంటి నమ్మకాన్ని ఎదురుగా కొట్టకూడదు, వీలైతే పక్కకి జరపాలి. ఆ లెక్కన ఆలోచిస్తే దారి తట్టింది. పిల్ల తింటే చేరుతుందంటే రక్తసంబంధం వల్లనే కదా. మరి కన్నతల్లిది ఇంకా దగ్గరి రక్తం. నూకాలమ్మ ముప్ఫై నాలుగు కిలోలుంది. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఒక పూట గంజి తాగి ఉంటోంది. ఆ పళ్ళెం ఆమె తింటే ఒక దెబ్బకి రెండు పిట్టలు. అంత తెలివైన ఆలోచన వచ్చినందుకు, నిజం చెప్పాలంటే, నన్ను నేనే మెచ్చుకున్నాను.

మరో సెలవు రోజు మళ్ళీ వెళ్ళాం. ఈసారి వెళ్ళేసరికే సత్తు పళ్ళెం పెట్టేసి ఉంది, వేణి దాని ముందు కూర్చుని తినడం మొదలుపెట్టేసింది. ఫ్యాను ఆగి ఉంది. నేను చాప మీద కూర్చుని, మెల్లగా, నా ఆలోచన చెప్పాను. మీ కొడుకు ఆకలి తీరాలి, మీ మనవరాలి ఊపిరీ నిలబడాలి, అందుకని రేపటి నుంచి ఆయన వాటా మీరు తినండి అన్నాను.

లక్ష్మి ముఖం తేటపడింది. "నిజమే కదత్తా. నీ కడుపున పుట్టినోడే కదా. నువ్వు తింటే ఇంకా బాగా చేరద్ది" అంది.

నూకాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"అలా చేరదమ్మా. తల్లి తింటే కొడుక్కి చేరదు. బిడ్డలు పెడితేనే పైవోళ్ళకి చేరద్ది."

నేను దాన్ని ముసలివాళ్ళ మొండిపట్టు అనుకుని ఇంకో మాట వెతుక్కుంటున్నాను. లక్ష్మికి నాకంటే ముందు అర్థమైంది. బిడ్డలు పెడితే పెద్దలకి చేరడమన్నది తద్దినం నాటి మాట. పోయినవాళ్ళ ఆకలికే ఆ వరస. ఎక్కడో ఒడ్డున బతికున్న మనిషికైతే తల్లి తిన్నా ఒకటే, బిడ్డ తిన్నా ఒకటే.

"ఆ లెక్క బతికున్నోళ్ళకి కాదు కదత్తా" అంది లక్ష్మి.

నూకాలమ్మ నేల వంక చూస్తూ ఉండిపోయింది. అప్పుడు పళ్ళెం ముందు నుంచి ఆ దిగిన గొంతు వచ్చింది. పిల్ల తలెత్తలేదు.

"చెప్పెయ్యమ్మా. లచ్చిమికి చెప్పెయ్యి."

తొమ్మిదేళ్ళ పిల్ల తల్లిని పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదని లక్ష్మి తర్వాత నాతో చెప్పింది. ఆ క్షణంలో మాత్రం ఆమె పిల్ల వంక చూడలేదు. అత్తగారి వంకే చూస్తోంది. రూతమ్మ నా చీర కొంగు పట్టుకుంది. నేను విదిలించుకోలేదు. నాకూ భయం వేసింది.

ముసలామె చెప్పింది. తుఫాను వెలిసిన రోజుల్లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాలు చూడటానికి ఊరి మగవాళ్ళతో తనూ వెళ్ళింది. నీళ్ళలో నాని ఎవరెవరో తెలియని ముఖాల మధ్య ఒకరిని గుర్తుపట్టింది. చిన్నప్పుడు తాడు చుట్టుకుని వంకర తిరిగిన చిటికెన వేలు చూసి. కోడలికి అప్పుడు ఎనిమిదో నెల. ఈ మాట వింటే కడుపు నిలవదని పెద్దవాళ్ళు భయపడి బయటికి పొక్కనివ్వలేదు. మిగతావాళ్ళతో కలిపి అక్కడే పూడ్చేశారు. కాన్పయ్యాక చెబుదామనుకుంది. పురుడెళ్ళాక అనుకుంది. తర్వాత కోడలు బొట్టు దిద్దుకుంటుంటే చూసి చెప్పలేకపోయింది. కర్మ చేయలేదు, ఎవరూ ముద్ద పెట్టలేదు. వాడు ఆకలితో తిరుగుతాడని పిల్ల చేత తినిపించింది. తొమ్మిదేళ్ళపాటు కోడలు బతికున్నవాడికి పెట్టింది, అత్త పోయినవాడికి పెట్టింది. పళ్ళెం మాత్రం ఒకటే.

లక్ష్మి ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

"ఏ ఒడ్డునత్తా?"

నూకాలమ్మ చెప్పింది. లక్ష్మి ఆ పేరు ఒకసారి తనలో తను అనుకుంది. తర్వాత వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుని లేపింది. వేణి లేచింది. నిద్రలోంచి లేపినట్టు చుట్టూ చూసి, దాహమేస్తోందంది. లక్ష్మి నీళ్ళిచ్చి, ఆ పళ్ళెం ముందు తను కూర్చుంది. భర్త తిన్న కంచంలో భార్య తినడం మన ఇళ్ళలో పాత ఆచారం. మా అమ్మా తినేది. నేను మాత్రం జన్మలో చేయలేదు, అలా చేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. ఆ రోజు మండలేదు. లక్ష్మి మిగిలిన అన్నమంతా తొందర లేకుండా, మెతుకు వదలకుండా తిన్నది. పదేళ్ళుగా ఆ పళ్ళెంలో తినే వంతు ఆమెకి రాలేదు. లేచి పళ్ళెం తోమి, ఫ్యాను వేసి, తలుపు రెండో రెక్క తీసింది.

ఆ ఏడే, కార్తీకం వెళ్ళకముందే, పురోహితుణ్ణి అడిగి దర్భబొమ్మతో కర్మ చేయించారు. మనిషి దొరకనివాళ్ళకి పన్నెండేళ్ళు ఆగాలంటారు గానీ, దొరికాడని తల్లే చెప్పాక ఆగడానికేముంది? లక్ష్మి అత్తగారితో చాలా నెలలు మాట్లాడలేదట. రెండు పూటలా అన్నం మాత్రం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేదట. మరుసటి ఏడాది నూకాలమ్మని తూస్తే నాలుగు కిలోలు పెరిగింది. అలా ఎదురుగా కూర్చోవడం నేను ఇచ్చిన సలహాల్లో లేదు.

ఎదిగే పిల్లల్లో బరువు తగ్గించాలని చూడం. ఉన్న బరువును ఆపితే చాలు, ఎత్తు పెరుగుతూ దాన్ని అందుకుంటుంది. వేణికి అలాగే జరిగింది. మొదట్లో మధ్యాహ్నం కాగానే గుమ్మానికెదురుగా వెళ్ళి ఖాళీ నేల ముందు కూర్చునేదట. ఎవరూ పిలవకపోతే కాసేపటికి లేచి వచ్చేసేదట. కొన్నాళ్ళకి అదీ మానేసింది. గురక తగ్గింది, మెడ తేటపడింది, చక్కెర గట్టు దిగి వెనక్కి వెళ్ళింది. నేను 2009లో యానాం వదిలేనాటికి ఏడో క్లాసు పిల్లల్లో కలిసిపోయి, వెతుక్కుంటే గానీ కనబడేది కాదు. ఆ మధ్యాహ్నాల గురించి ఒకసారి కదిపి చూశాను. తనకేమీ గుర్తు లేదంది. నమ్మాను.

చిటికెన వేలు సంగతి బామ్మ చెప్పగా నేర్చుకుందనుకోవచ్చు. రహస్యం కూడా, రోజూ ఆ పళ్ళెంతో ముసలామె గొణుక్కునే మాటల్లోంచి పిల్ల పట్టేసి ఉంటుంది. నేను రూతమ్మకి చెప్పింది అదే, ఇక్కడ రాస్తున్నదీ అదే. ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో మాత్రం ఆ రోజు కింద "కుటుంబానికి ఆహార సలహా ఇవ్వడమైనది" అని ఉంటుంది. అందులో అబద్ధం లేదు.

ఈ కేసు వల్ల నా పద్ధతిలో ఒక్కటే మారింది. మిగిలిన సర్వీసులో "పిల్ల ఏం తింటుంది" అని మొదటి ప్రశ్నగా ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ఎంతమంది, పూటకి ఎన్ని కంచాలు పెడతారు అని అడిగేదాన్ని. చాలా ఇళ్ళలో రెండు అంకెలూ సరిపోయేవి. సరిపోని ఇళ్ళు నేననుకున్నదానికంటే ఎక్కువే తగిలాయి. వాటిలో ఆ ఎక్కువ కంచం ఎవరిదని నేను అడగలేదు. అది ఎవరు తింటున్నారని అడిగి, రాసుకున్నాను.